నల్ల క్యాసెట్టు, హరికథ తోక

మినియాపొలిస్‌లో ఎలక్ట్రిక్ ఫీటస్ అని ఒక పాటల దుకాణం ఉంది. 1968లో పెట్టింది. లోపల అడుగు పెట్టగానే అగరొత్తుల వాసన. ఒక్క క్షణం గుడి ముందు కొబ్బరికాయల కొట్లోకి వచ్చానా అనిపించింది. అమెరికన్ పాటగాడు ప్రిన్స్ చనిపోవడానికి అయిదు రోజుల ముందు, 2016 ఏప్రిల్ 16న, ఇక్కడికే వచ్చి సీడీలు కొనుక్కుని వెళ్ళాడు. వాడేసిన సీడీల అరలో ‘పి’ దగ్గర ఒక్కొక్కటే వేలితో వెనక్కి తోస్తూ ఉంటే నల్లటి డబ్బా ఒకటి తగిలింది. తీసి చూస్తే అదే. ప్రిన్స్ చేసిన బ్లాక్ ఆల్బమ్, 1994లో వచ్చిన సీడీ.

పక్కన బావ గడియారం చూసుకుంటున్నాడు. “దొరికిందిగా, ఇక పద. పార్కింగు టైమైపోతోంది,” అన్నాడు.

ముప్పై ఏళ్ళ కిందట ఇదే ఆల్బమ్ నా దగ్గర క్యాసెట్లో ఉండేది. వరంగల్లులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర కాపీ చేసుకున్నాను. వాళ్ళ అన్నయ్య న్యూజెర్సీ నుంచి తెచ్చాడట. అది కాపీకి కాపీ, దానికి నాది ఇంకో కాపీ. కొత్త క్యాసెట్ కొనడానికి డబ్బుల్లేక ఇంట్లో పడున్న హరికథ క్యాసెట్టు మీదే రికార్డు చేశాను. రెండో వైపు పాటలు అయిపోయాక టేపు ఇంకా మిగిలేది కదా, అక్కడ భాగవతారుగారి మంగళం వినిపించేది. మొదటి నెల నవ్వుకున్నాం. తర్వాత అదీ ఆల్బమ్‌లో భాగమే అయిపోయింది.

దాని కథ అప్పుడు మాకు సగమే తెలుసు. “దెయ్యం పట్టిన ఆల్బమ్, అందుకే తగలబెట్టించాడు,” అని సీనియర్ చెప్పాడు. అసలు సంగతి ఇంకాస్త మామూలుది, ఇంకాస్త వింతది కూడా. 1987 డిసెంబరు 8న విడుదల కావాలి. అట్ట మొత్తం నలుపు, దాని మీద పేరు లేదు, బొమ్మ లేదు. దాదాపు 5 లక్షల కాపీలు అచ్చయ్యాయంటారు. సరిగ్గా వారం ముందు ప్రిన్స్ వద్దన్నాడు. ఇందులో ఉన్నది కోపం, చెడు, నా పేరు మీద ఇది మిగలకూడదు అనుకున్నాడట. కాపీలన్నీ నాశనం చేయించారు. కొన్ని మాత్రం తప్పించుకున్నాయి. 2018లో అలా మిగిలిన కెనడా కాపీ ఒకటి 27,500 డాలర్లు పలికింది. నేను కొన్న సీడీ ఆ జాతిది కాదు లెండి. ప్రిన్స్‌కూ ఆయన ఆల్బమ్‌లు విడుదల చేసే వార్నర్ కంపెనీకీ గొడవలు ముదిరిన రోజుల్లో, 1994 నవంబరులో విడుదల చేసి, జనవరి చివరికల్లా ఆపేసిన సీడీ.

డౌన్‌టౌన్‌లో ఫస్ట్ అవెన్యూ క్లబ్బు ముందు పది నిమిషాలు ఆగాం. నల్ల గోడ నిండా వెండి నక్షత్రాలు, ఒక్కో దాంట్లో అక్కడ వాయించినవాళ్ళ పేరు. ప్రిన్స్ నక్షత్రం ఒక్కటే బంగారు రంగు. ఆ భవనం ఒకప్పుడు గ్రేహౌండ్ బస్టాండు అని చెబితే అక్క నమ్మలేదు. “బస్టాండులో పాటలేంట్రా?” అంది. ఆయన పేరు ప్రపంచానికి తెలిపిన ‘పర్పుల్ రెయిన్’ పాటని 1983 ఆగస్టులో ఈ బస్టాండులోనే జనం ముందు వాయిస్తూ రికార్డు చేశారు.

అక్కడి నుంచి చాన్‌హాసెన్, ప్రిన్స్ ఇల్లూ స్టూడియో అయిన పైస్లీ పార్క్ చూడటానికి. బావ కారు పాతది, అందులో సీడీ పెట్టుకునే సందు ఉంది. కొత్త కారు కొనలేదని అక్క సణుగుతూ ఉంటుంది గానీ ఆ రోజు నాకు మాత్రం ఆ కారు దేవుడిచ్చిందే. అక్టోబరు చివర, మేపుల్ చెట్లకి ఆకులు సగం రాలిపోయాయి. 35డబ్ల్యూ హైవే ఎక్కి, 62 మీదకి మళ్ళేసరికి మొదటి పాట ‘ల గ్రైండ్’ మొదలైంది.

మొదలవుతూనే లోతైన గొంతు ఒకటి, నన్ను కనిపెట్టేశారన్నమాట, సంతోషం, అంటుంది. నేను ఉలిక్కిపడ్డాను. నాకు తెలిసిన గొంతు కాదిది. మా క్యాసెట్లో అది ఏదో మామూలు మగగొంతు. కాపీ చేసిన టేప్ రికార్డరు వేగం తేడా వల్ల నా కాపీ ఒక వీసం గబగబా తిరిగేదని ఆ నిమిషం దాకా నాకు తెలియదు. ప్రిన్స్ తన గొంతుని కావాలని మందగింపజేసి రాక్షసుడిలా చేస్తే, మా టేపు దాన్ని మళ్ళీ మనిషిని చేసింది. ముప్పై ఏళ్ళు నేను విన్నది తప్పు శ్రుతిలో.

సరైన వేగంలో ఆ పాట బరువుగా ఉంది. బాస్ సీటు కింద నుంచి వస్తోంది. ఎరిక్ లీడ్స్ శాక్సఫోను, అట్లాంటా బ్లిస్ ట్రంపెటు కలిసి కొట్టే చిన్న చిన్న ముక్కలు మా క్యాసెట్లో గరగరలో కలిసిపోయేవి. ఇప్పుడు అంచులు కనిపిస్తున్నాయి. ఇందులో రెండు మూడు పాటలు 1986 డిసెంబరులో డ్రమ్మర్ షీలా ఇ పుట్టినరోజు పార్టీలో వేయడానికని చేసినవే. విందు కోసం వండిన వంటకి దెయ్యం కథ ఎందుకు అంటుకుందో మరి! బావ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు, తనకి తెలియకుండానే. అంతకంటే రుజువు ఏం కావాలి? రెండో పాట ‘సిండీ సి’కి కూడా ఆ తాళం ఆగలేదు.

మూడో పాట ‘డెడ్ ఆన్ ఇట్’ దగ్గర ఆగింది. ర్యాప్ పాడేవాళ్ళని వెక్కిరించే పాట అది. వాళ్ళకి శ్రుతి తెలియదనీ, పాడటం రాదనీ ఎత్తిపొడుపు. 1992లో మాకు ఇది మహా గొప్పగా అనిపించేది, ర్యాప్ అంటే ఏమిటో మాకు పెద్దగా తెలియదు కాబట్టి. ఇప్పుడు వింటే పక్కింటి కుర్రాళ్ళ ఆట చూడలేక అరుగు మీద కూర్చుని తిట్టే పెద్దాయన గుర్తొచ్చాడు. ఈ ఆల్బమ్ ఆపేసి నాలుగేళ్ళు తిరక్కుండానే, 1991లో, తన సొంత బృందంలోనే ర్యాపర్‌ని పెట్టుకున్నాడు ప్రిన్స్. ఈ పాట ముసలిదైపోయింది. నాలుగోది, ‘వెన్ టూ ఆర్ ఇన్ లవ్’, మెత్తటి ప్రేమపాట. బాగుంది గానీ ఈ పంక్తిలో కూర్చోవలసింది కాదు. తర్వాతి ఆల్బమ్‌కి మోసుకుపోయింది కూడా దీన్నొక్కదాన్నే.

‘బాబ్ జార్జ్’ వచ్చేసరికి హైవే 5 మీద ఉన్నాం. ఇందులోనూ ఆ మందగించిన గొంతే. అనుమానప్పిశాచి మొగుడు ఒకడు తన ఆడదాన్ని నిలదీస్తాడు, తిడతాడు, తుపాకీ పేలుస్తాడు, పోలీసులు వస్తారు. మధ్యలో ప్రిన్స్ గురించి, ఆ పీలగొంతు బక్కోడు, అని తననే వెటకారం చేసుకుంటాడు. హాస్టల్లో ఆ మాటకి పడీపడీ నవ్వేవాళ్ళం. తిట్లన్నీ బట్టీపట్టి ఒకరి మీద ఒకరు ప్రయోగించేవాళ్ళం.

వెనక సీట్లో అక్క ఫోను పక్కన పెట్టి వింటోంది.

“ఆ అమ్మాయి ఏమైందిరా?”

“ఎవరు?”

“వీడు అరుస్తున్నాడే, ఆవిడ. ఆవిడ గొంతు ఒక్కసారి కూడా వినిపించలేదు. తుపాకీ పేలింది కదా?”

హాస్టల్లో పాతికమందిమి విని ఉంటాం. ఈ ప్రశ్న ఒక్కరమూ అడగలేదు. నేనేదో, అది నాటకం, ఆ పాత్రని వెక్కిరించడానికే పాడాడు, అని సర్దిచెప్పబోయాను. అబద్ధం కాదది. కానీ నవ్వు మాత్రం మళ్ళీ రాలేదు. ఈ ఒక్క పాట విషయంలో మాత్రం ప్రిన్స్ జంకింది ఎందుకో నాకు తెలిసొచ్చింది. పాట ఆపేశాను, పైస్లీ పార్క్ కూడా వచ్చేసింది.

బయటి నుంచి చూస్తే ఏదో మందుల కంపెనీ ఆఫీసనుకుంటాం. తెల్లటి డబ్బాలాంటి భవనం. ప్రిన్స్ 1987లో తెరిచాడు, 65,000 చదరపు అడుగులు. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు తీసుకుని సంచీల్లో పెట్టి తాళం వేసి మన చేతికే ఇస్తారు. గుండెకాయ చేతిలో పట్టుకుని తిరిగినట్టుంది అక్కకి. నడిమి హాల్లో పైన గాజు కప్పులోంచి వెలుతురు, మేడ మీద పంజరంలో తెల్ల గువ్వలు. 2016 ఏప్రిల్ 21న ఈ భవనంలోనే, లిఫ్టులో, ఆయన ప్రాణం పోయింది. ఆ అక్టోబరులోనే దీన్ని మ్యూజియంగా తెరిచారు.

బట్టలు, గిటార్లు, మోటారు సైకిలు అన్నీ చూపించారు. నాకు కావలసింది స్టూడియో. ‘ఎ’ స్టూడియోలో మిక్సింగ్ బల్ల ముందు గొలుసు అవతల నిలబడ్డాను. బ్లాక్ ఆల్బమ్ ఆపేశాక, ఆ డిసెంబరు, జనవరి చలిలో ఇక్కడ కూర్చునే దానికి బదులు ‘లవ్‌సెక్సీ’ చేసేశాడు. 1988 మే నెలకల్లా అది దుకాణాల్లో ఉంది. అందులోని ‘ఆల్ఫబెట్ స్ట్రీట్’ వీడియోలో అక్షరాలు వానలా రాలుతుంటే, రెప్పపాటు కాలం ఒక వాక్యం మెరుస్తుంది: బ్లాక్ ఆల్బమ్ కొనకండి, క్షమించండి అని. కొనడానికి దొరకని సరుకుని కొనొద్దని చెప్పడం! దొంగ క్యాసెట్లు మాలాంటివాళ్ళ దాకా రావడానికి ఆ మాట ఎంత సాయపడిందో. పైగా అదే ఏడాది ఊరూరా తిరిగిన కచేరీల్లో ‘బాబ్ జార్జ్’ తనే పాడాడు. వద్దన్న కూరే మళ్ళీ వడ్డించాడు.

నేల కిందనే ఆయన టేపులు దాచుకున్న గది ఉండేది. 2017లో ఆ టేపులన్నిటినీ లాస్ ఏంజెలెస్ తరలించారు. మేం నిలబడ్డ చోటికి కింద ఖాళీ గదే.

తిరుగు ప్రయాణంలో మిగతా మూడు పాటలు పెట్టాను. ఏడోది నేను క్యాసెట్లో ఎప్పుడూ ముందుకి తిప్పేసేవాణ్ణి. మాటలు దాదాపు లేవు, డ్రమ్సూ కీబోర్డూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఇప్పుడు అదే అన్నిటికంటే బలంగా తోచింది. ఎనభైల నాటి వాసన అంటని పాట అదొక్కటే. మృదంగం, ఘటం తనియావర్తనంలో పోటీకి దిగినట్టుందని బావ అన్నాడు. ఆయన అమ్మమ్మగారిది విజయనగరం, ఆ మాట అనే హక్కు ఉంది. మొత్తానికి ఎనిమిదింట్లో అయిదు నిలిచాయి. తాళం నడిపినవి నిలిచాయి, కోపం నడిపినవి వాడిపోయాయి.

ఈడెన్ ప్రెయిరీలో ఇంటి ముందుకి వచ్చేసరికి చివరి పాట నడుస్తోంది. బావ రిమోటు నొక్కితే గరాజు తలుపు పైకి లేచింది. కారు లోపలికి వెళ్ళి ఆగింది గానీ ఇంజను ఆపొద్దన్నాను. పాట చివర ఠక్కున తెగిపోతుంది. ఇదేం దిక్కుమాలిన ముగింపు, అని ప్రిన్స్ తనే గొణుగుతాడు.

అంతే, సీడీ ఆగిపోయింది. నేను ఇంకా చెవి రిక్కించుకునే కూర్చున్నాను. అక్క దిగి, కిటికీలోంచి తొంగి చూసి, “ఏంట్రా, ఇంకా ఉందా?” అంది.

“హరికథ రావాలి,” అన్నాను.