ముడుచుకున్న ఎడమ ఊపిరితిత్తి

ఈ రోజు డ్యూటీలో ఎక్కువ సేపు ఒకే మంచం దగ్గర గడిచింది. వీఎస్‌డీ, అంటే గుండె కింది గదుల మధ్య రంధ్రం, మూసిన ఐదు నెలల పాప. వెంటిలేటర్ తీసేశాక హై ఫ్లో (ముక్కు గొట్టాలతో వేగంగా ఇచ్చే ఆక్సిజన్) మీద బాగానే ఉందనుకుంటుండగా రక్తంలో ఆక్సిజన్ శాతం తగ్గడం మొదలైంది. ఎక్స్‌రేలో గుండె నీడ వెనుక ఎడమ ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. అల్ట్రాసౌండ్‌తో చూస్తే నీరు చేరలేదు, ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం, డయాఫ్రం, రెండు వైపులా సమంగానే కదులుతోంది. అంటే దాని నరం దెబ్బతినలేదు. ఆ భాగం గాలి లేక ముడుచుకుపోయింది, అంతే.

ఈ పిల్లల్లో ఎడమ వైపే ఎక్కువగా ఇలా కావడానికి కారణం ఉంది. రంధ్రం గుండా అదనపు రక్తం నెలల తరబడి ఊపిరితిత్తులకు వెళ్లి తిరిగి రావడంతో ఎడమ కర్ణిక, అంటే గుండె ఎడమ పై గది, ఉబ్బి, తనను ఆనుకుని ఉన్న ఎడమ శ్వాసనాళాన్ని నొక్కుతుంది. పసివాళ్లలో గాలి సంచుల మధ్య పక్కదారులు సరిగా ఏర్పడి ఉండవు కనుక చిన్న కఫం ముక్క అడ్డుపడినా దాని వెనుక భాగమంతా మూసుకుపోతుంది.

పాపకు ఇచ్చే గాలిలో ఆక్సిజన్ పాలు పెంచుదామని జూనియర్ డాక్టర్ అన్నారు. మానిటర్ మీద అంకె మెరుగుపడుతుంది కానీ ఊపిరితిత్తి తెరుచుకోదు. పైగా గాలిలో నైట్రోజన్ తగ్గేకొద్దీ సంచుల్లోని ఆక్సిజన్ రక్తంలోకి పీల్చుకుపోయి అవి ఇంకా ముడుచుకుంటాయి. అందుకే ముందు నొప్పికి మందు ఇచ్చి, 3 శాతం ఉప్పునీటి నెబ్యులైజేషన్ పెట్టి, పాపను కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టాము. ఎదురు రొమ్ము ఎముక ఇంకా అతుక్కోలేదు కాబట్టి ఫిజియోథెరపిస్ట్ తట్టకుండా, పాప ఊపిరి వదిలే క్షణంలో వేళ్లతో పక్కటెముకల మీద సన్నగా కంపనం ఇచ్చారు. ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉందని గొట్టంతో కఫం లాగే ఒక్కో సక్షన్‌ను 10 సెకన్లు దాటనివ్వలేదు. జిగురు కఫం వచ్చాక సీప్యాప్, అంటే ఊపిరితిత్తులు తెరుచుకుని ఉండేలా ఆగకుండా గాలి ఒత్తిడి ఇచ్చే యంత్రం, పెట్టాము.

పక్క మంచం మీది గ్లెన్ ఆపరేషన్ (పై శరీరపు రక్తం తెచ్చే పెద్ద సిరను నేరుగా ఊపిరితిత్తుల ధమనికి కలపడం) అయిన బాబుకు ఇదే ఒత్తిడిని ఆలోచించకుండా పెట్టలేము. ఆ గుండెలో పై శరీరపు రక్తం ఏ పంపూ లేకుండా తనంతట తానే ఊపిరితిత్తుల్లోకి జారాలి. ఛాతీలో ఒత్తిడి పెరిగితే ఆ ప్రవాహం తగ్గుతుంది, ఊపిరితిత్తి ముడుచుకుని ఉన్నా తగ్గుతుంది. ఎంత ఒత్తిడి చాలునో మంచం దగ్గరే నిలబడి, రక్తపోటు చూస్తూ కొద్దికొద్దిగా తేల్చుకోవాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ నిలబడటమే.

“దగ్గితే కుట్లు ఊడిపోవా మేడమ్?” అని పాప తల్లి భయంగా అడిగింది. “ఊడవమ్మా, దగ్గనివ్వండి, దగ్గితేనే కఫం పైకి వస్తుంది” అన్నాను.

సాయంత్రం ఎక్స్‌రేలో డయాఫ్రం గీత సగం వరకు కనిపించింది, అంటే ఆ భాగం కొంత తెరుచుకుంది. రాత్రంతా సీప్యాప్ కొనసాగించమని, వేళకు పక్క మార్చమని నర్సులకు రాసి ఇచ్చాను. రేపటికీ తెరుచుకోకపోతే బ్రాంకోస్కోపీతో, అంటే సన్నని కెమెరా గొట్టంతో, ఆ శ్వాసనాళం లోపల కఫమే ఉందా, లేక కర్ణిక ఇంకా నొక్కుతోందా అని చూడాలి.