కాగితం చదివి విమానమెక్కాలి

గల్ఫ్‌కు పోయిన మనిషిని కాపాడేది ఏమిటని మా ధర్మాబాద్ ప్రాంతంలో అడిగితే పెద్దవాళ్లు నుదుటి రాత అంటారు, పోయి వచ్చినవాళ్లు మంచి కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని, దొరకాలంటారు, ఇప్పటి కుర్రాళ్లు చేతిలో ఫోన్ ఉంటే చాలు, అన్నీ అందులోనే ఉన్నాయంటారు. యూఏఈలో నిర్మాణ పనుల కంపెనీలో టైమ్‌కీపర్‌గా ఏళ్ల తరబడి కూలీల హాజరు, ఓవర్‌టైమ్ లెక్కలు రాసిన నా అభిప్రాయం వీటన్నిటికీ కాస్త భిన్నమైనది. ఊరు దాటకముందే తన ఒప్పందపత్రాన్ని తనకు వచ్చిన లిపిలో తాను చదువుకున్నవాడికి చట్టమూ ఫోనూ రెండూ అక్కరకు వస్తాయి. చదవనివాడికి ఆ రెండూ ఉండి కూడా ఆలస్యంగానే అందుతాయి.

మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా. పక్కనే గోదావరి గట్టున బాసర, నది దాటి కొంచెం ముందుకు పోతే నిజామాబాద్, బోధన్. 1956 వరకు ఇవన్నీ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. ఆ తర్వాత మా జిల్లా ఉన్న మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. ధర్మాబాద్, బిలోలి, కొండల్‌వాడి, దెగ్లూర్ వైపు వేలాది ఇళ్లలో మాట తెలుగే అయినా బడి మాత్రం మరాఠీది. అమ్మతో తెలుగులో మాట్లాడి, పరీక్ష మరాఠీకీ హిందీకీ ఒకటే అయిన దేవనాగరి లిపిలో రాసి పెరిగినవాళ్లం మేము. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే అది బోధన్‌లోని మేనమామ ఇంట్లో గడిపిన సెలవుల పుణ్యం. నా తోటివాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలుగు బోర్డు చదవటం రాదు. ఈ సంగతిని ఇంత వివరంగా చెప్పటానికి కారణం ఉంది.

యూఏఈలో 2015 నాటి మంత్రిత్వశాఖ ఉత్తర్వు ప్రకారం, కార్మికుడు తన దేశం విడిచి బయలుదేరకముందే ఉద్యోగ ప్రతిపాదన పత్రం చూసి సంతకం చేయాలి. ఆ పత్రం అరబిక్, ఇంగ్లీషులతో పాటు అతనికి అర్థమయ్యే మరో భాషలో కూడా ఉండాలి. అందుకోసం మొత్తం పదకొండు భాషల్లో నమూనాలు సిద్ధం చేశారు. హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం, నేపాలీ, సింహళం వాటిలో ఉన్నాయి. తెలుగు లేదు. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి తరాలుగా మనుషులు ఎడారికి పోతున్నా మన భాష ఆ జాబితాలోకి ఎక్కలేదు. దీన్ని మన ప్రభుత్వాలు అడిగి సాధించవలసిన పనిగానే నేను చూస్తాను.

ఈ లోటు మధ్య మా సరిహద్దువాళ్లకు అనుకోని మేలొకటి జరిగింది. మా క్యాంపు గదిలో ఒకే కంపెనీ వీసా మీద వచ్చినవాళ్లు ఇద్దరుండేవారు. ఒకరు ఆర్మూర్ దగ్గరి మనిషి, తెలుగు మాధ్యమంలో చదివినవాడు. మరొకరు కొండల్‌వాడి కుర్రాడు, మరాఠీ బడిలో తొమ్మిది దాకా చదివాడు. ఓవర్‌టైమ్ తక్కువ పడిందని ఆర్మూర్ అన్న గొడవపడుతుంటే, కొండల్‌వాడి కుర్రాడు తన ఫోన్‌లో దాచుకున్న పత్రం తెరిచి హిందీ పాఠాన్ని వేలితో గీటుకుంటూ చదివి, “అన్నా, నీకు ఏజెంటు చెప్పింది మొత్తం పన్నెండు వందలు. ఈడ రాసింది మూల వేతనం ఆరు వందలే, మిగిలిందంతా భత్యం. ఓటీ ఆరు వందల మీదనే కడతరు” అన్నాడు. ఆ అన్నకూ అదే పత్రం ఉంది, దాని మీద అతని సంతకమూ ఉంది. అతను చదవగలిగిన లిపి మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఆ తేడా ఎంతటిదో లెక్కవేసి చూపించటం నా పని గనుక చెబుతాను. అక్కడి కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు మూల వేతనం మీద గంటకు 25 శాతం, రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్య అయితే 50 శాతం అదనంగా ఇవ్వాలి. మూల వేతనం 600 దిర్హాములైతే గంట కూలి రెండున్నర, ఓవర్‌టైమ్ గంటకు మూడు దిర్హాములకు కాస్త పైన. అదే పన్నెండు వందల జీతంలో మూల వేతనం 1000 అయితే ఓవర్‌టైమ్ గంటకు అయిదు దాటుతుంది. పని మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ కూడా ఇంతే. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున కడతారు కాబట్టి, అయిదేళ్లకు 600 వాడికి 2100, 1000 వాడికి 3500 వస్తుంది. ఎండలో ఇద్దరూ పడ్డ కష్టం ఒకటే, నెల జీతంగా ఇద్దరూ చెప్పుకునే మొత్తమూ ఒకటే. కంపెనీ ఇందులో చట్టం తప్పలేదు. తప్పంతా ఏజెంటు మాటకూ కాగితం మీది అంకెకూ మధ్య జరిగింది, దాన్ని పట్టుకోవలసిన చోటు దుబాయి కాదు, ధర్మాబాద్, ఆర్మూరులే.

మన దేశంలో కూడా ఇందుకు చట్టం లేకపోలేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసవని వాళ్లకు ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాలి. రిజిస్టర్డ్ ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. యూఏఈ చట్టమైతే నియామక ఖర్చును కార్మికుడి మీద వేయటాన్నే నిషేధించింది. మా పల్లెల్లో అప్పులు తెచ్చి లక్షల్లో కడుతున్నారంటే ఆ డబ్బు ఏ చట్టం కిందా లేనిదే. ఈ అనుమతుల తలనొప్పి ఎందుకు, విజిట్ వీసా మీద ఎక్కిస్తాను, అక్కడ మార్పించుకో అని చెప్పే సబ్ ఏజెంట్ల మాట మా వైపు బాగా చెల్లుతుంది. అలా పోయినవాడు ప్రభుత్వపు లెక్కలో పనివాడే కాడు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా వచ్చే పది లక్షల బీమా అతనికి ఉండదు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు మాత్రమే దాని ప్రీమియం. ఇంత తక్కువ ఖర్చు పెట్టి కొనుక్కోగలిగిన రక్షణను, ఎక్కువ ఖర్చు పెట్టి పోగొట్టుకుంటున్నాం.

ఇక ఫోన్ విషయం. సాంకేతికత కార్మికుడికి ఏమీ చేయలేదనే వాదన నాకు సమ్మతం కాదు. 2009లో యూఏఈ వేతన రక్షణ విధానం తెచ్చాక జీతం బ్యాంకు ద్వారానో ఎక్స్‌చేంజ్ ద్వారానో పడాలి, ఆ వివరం మంత్రిత్వశాఖకు కనబడుతుంది. అంతకుముందు పనిచేసినవాళ్లు నెలల తరబడి జీతం ఆగిన కథలు ఎన్నో చెబుతారు. నా కాలంలో అవి తగ్గాయి, పూర్తిగా పోలేదు. హాజరు పుస్తకం పోయి ముఖం గుర్తుపట్టే యంత్రం వచ్చాక నేను కొన్ని మార్పులు దగ్గరగా చూశాను. తెల్లవారకముందే బస్సు దిగిన మనుషులు ఆ చిన్న తెర ముందు వరుసకట్టి, తలపాగా తీసి, హెల్మెట్ తీసి, మాస్కు దించి, పచ్చ గీత వెలిగేదాకా కదలకుండా నిలబడతారు. సిమెంటు దుమ్ము పట్టిన ముఖాన్ని సాయంత్రం అది గుర్తుపట్టకపోతే నీళ్లతో కడుక్కుని మళ్లీ వస్తారు. గుర్తుపట్టని రోజు గంటలు పోకుండా చూడటానికి నేను పక్కన కాగితం మీద కూడా పేర్లు రాసి, వాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకునేవాణ్ణి. వివాదం వచ్చినప్పుడు రెండింటిలో పనికొచ్చింది ఆ కాగితమే. యంత్రంలోని లెక్క కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది, కాగితం నకలు కూలీ పెట్టెలో ఉంటుంది. అందుకే కుర్రాళ్లకు నేను చెప్పేది, మీ గంటలు మీరే రోజూ రాసుకోండి, నెలాఖరున జీతపు చీటీ ఫొటో తీసి ఇంటికి పంపండి అని. 2024 జనవరి నుంచి 50,000 దిర్హాముల లోపు వివాదాల్లో అక్కడి కార్మిక మంత్రిత్వశాఖే తుది నిర్ణయం చెప్పగలదు. అంటే చాలా వివాదాలు కోర్టు దాకా పోనక్కరలేదు. ఆధారం చూపగలవాడికి ఇది చాలా పెద్ద సౌకర్యం.

అదే ఫోన్ తెచ్చే ప్రమాదం గురించి మా ఊళ్లలో ఎవరూ మాట్లాడరు. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు, మాట రికార్డు చేసి పంపటం మాత్రం కుదురుతుంది. చదువురాని మా తల్లులకు అదే ఉత్తరం, అదే టెలిఫోను. ఆ మాటల వెనకే ఊరి గుంపుల్లోంచి మతం మీద వచ్చే విషపు సందేశాలూ దిగుతాయి. ఇక్కడ ఎన్నికల వేళ మామూలై పోయిన సందేశం అక్కడ నేరం. మతాలను, వాటి పవిత్ర గ్రంథాలను కించపరచటాన్ని 2015లోనే యూఏఈ కఠినమైన శిక్షార్హ నేరంగా చేసింది, 2023లో దాని స్థానంలో కొత్త చట్టం కూడా తెచ్చింది. పంపినవాడు నాందేడ్‌లో ఇంట్లో నిద్రపోతాడు, ముందుకు పంపినవాడు షార్జాలో సమాధానం చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్‌లో ముస్లింలను కించపరుస్తూ రాసిన కొందరు భారతీయులు అక్కడ ఉద్యోగాలు పోగొట్టుకున్నప్పుడు, వివక్ష మన నైతికతకూ చట్టానికీ విరుద్ధమని, అక్కడున్న భారతీయులు దీన్ని ఎప్పుడూ గుర్తుంచుకోవాలని అప్పటి మన రాయబారి పవన్ కపూర్ బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. చట్టానికి భయపడి ఊరుకోమని మాత్రమే నేను చెప్పటం లేదు. మా గదిలో బిలోలి నుంచి వచ్చిన ఒక ముస్లిం పెద్దాయన ఉండేవాడు, మేమంతా చాచా అనేవాళ్లం. ఆయన ఉపవాసాలున్న నెలలో మా మెస్ వంట వేళ ఆయన కోసమే మారేది. వినాయక చవితికి మేము మట్టి బొమ్మ పెట్టుకుంటే గదిలో చోటు చేయటానికి తన మంచం ఆయనే జరిపేవాడు. రంజాన్ నెలలో పని గంటలు రెండు తగ్గించాలన్న నిబంధన అక్కడ మతంతో నిమిత్తం లేకుండా అందరు కార్మికులకూ వర్తిస్తుందని మాకు మొదట చెప్పింది కూడా ఆయనే.

విశ్వాసం విషయంలో పరాయి దేశం మమ్మల్ని అడ్డగించలేదు. ఆషాఢ ఏకాదశికి మా వైపువాళ్లు విఠలుని తలుచుకునేవారు, తెలంగాణవాళ్లు బోనాల పాటలు పెట్టుకునేవారు. బర్ దుబాయిలో 1958 నుంచి ఉన్న చిన్న గుడికి సెలవు రోజున పోయేవాళ్లం. 2022లో జెబెల్ అలీలో పెద్ద గుడి, 2024 ఫిబ్రవరిలో అబుదాబిలో రాతి మందిరం తెరుచుకున్నాయి. కూలీల క్యాంపుల నుంచి ఇవి దూరమే, బస్సు మారి మారి పోవాలి. అయినా పోతారు.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది మరణం తర్వాత జరిగే సంగతి. యూఏఈ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. కుటుంబం కోరితే శవాన్ని స్వదేశానికి పంపే ఖర్చు యజమానిదే, చనిపోయినవాడికి రావలసిన జీతం, గ్రాట్యుటీ పది రోజుల్లో కుటుంబానికి అందించాలి. కాబట్టి పెట్టె హైదరాబాద్ విమానాశ్రయం దాకా వస్తుంది. అక్కడి నుంచి మనిషి విలువ చిరునామాను బట్టి మారుతుంది. గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు అయిదు లక్షల రూపాయలు ఇస్తామని ఆ రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది, 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు అది వర్తిస్తుంది. సంఘాలు ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్న మంచి పని అది. సరిహద్దుకు అవతల ఉన్న ఇంటికి ఆ డబ్బు అందుతుంది. అదే కంపెనీలో, అదే గదిలో, అదే భాష మాట్లాడి చనిపోయిన ఇవతలి మనిషి ఇంటికి ఆ ఉత్తర్వు వర్తించదు. మా ఆధార్ కార్డు మహారాష్ట్రది.

2019లో మా జిల్లాలోని కొన్ని గ్రామాలవాళ్లు తమను తెలంగాణలో కలపమని కోరారు. ఆ ఆవేదన నాకు అర్థమవుతుంది, కానీ గల్ఫ్ కార్మికుల సమస్యకు సరిహద్దు గీత మార్చటం పరిష్కారమని నేను అనుకోను. విదేశాలకు పోయేవాళ్లకు అనుమతి ఇచ్చేది కేంద్రం, వాళ్ల పాస్‌పోర్టు భారతదేశానిది, కాబట్టి మరణానికి పరిహారమూ ఏ రాష్ట్రంవాడైనా ఒకటిగా కేంద్రమే ఇవ్వాలి. అంతవరకు మహారాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ చేసినపాటి పని నాందేడ్, గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల వలస కుటుంబాలకైనా చేయాలి. దానికి ముందు, ఎవరు ఏ దేశానికి, ఏ కంపెనీకి, ఏ వీసా మీద పోయారో గ్రామ పంచాయతీలో ఒక పుస్తకం ఉండాలి. ఇప్పుడు మా ఊళ్లో ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. వీసా కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ల పేరు, కంపెనీ, మూల వేతనం, పత్రం సంఖ్య నేను ఒక నోటు పుస్తకంలో రాసి పెడుతున్నాను. తహసీల్ కార్యాలయం తీసుకుంటానంటే రేపే ఇస్తాను.