పుట్టినరోజు ఒక రోజు వెనక్కి పోయింది

మొన్న ఒక క్లినిక్ కోసం నేను కోడ్ రాసిన ఫారమ్‌లో ఒకావిడ పుట్టినతేదీ 15-08-1990 అని ఇస్తే డేటాబేస్‌లో 14 పడింది. ముందు ఆవిడే తప్పు కొట్టి ఉంటారనుకున్నా. తీరా లాగ్ తెరిచి చూస్తే 14వ తేదీ, 18:30 యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయం). ఆ 18:30 కనబడగానే తల పట్టుకున్నాను. మనం యూటీసీ కన్నా అయిదున్నర గంటలు ముందుంటాం కదా, ఫారమ్‌లో తేదీ ఎంచుకునే డేట్ పికర్ 15వ తేదీ ఇక్కడి అర్ధరాత్రిని చేతికిస్తే నేను దాన్ని బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలోని టూఐఎస్ఓస్ట్రింగ్ అనే ఫంక్షన్‌తో యూటీసీలోకి మార్చి, తేదీ ఉండే మొదటి పది అక్షరాలు కత్తిరించి దాచేశాను. తప్పు నాదే.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. జావాస్క్రిప్ట్‌కి 1990-08-15 అని ఉత్త తేదీ ఇస్తే యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది, అదే డాలస్‌లో ఉన్న మా అన్నయ్య బ్రౌజర్‌లో 14 సాయంత్రం ఏడు. అసలు పుట్టినతేదీకి టైమ్ జోన్ ఎందుకండీ? ఫారమ్‌లో కొట్టింది కొట్టినట్టే, డేటాబేస్‌లో టైమ్ లేకుండా తేదీ మాత్రమే ఉంచే డేట్ కాలమ్‌లో పెట్టేస్తే పోయేది.

అపాయింట్‌మెంట్ సంగతి వేరు, అక్కడ జోన్ కావాల్సిందే. అయితే డాలస్‌కి −5:00 (యూటీసీ కన్నా అయిదు గంటలు వెనక) అని రాసుకుంటే సరిపోదు, డాలస్ ఉన్న జోన్‌ని అమెరికా/షికాగో అని పేరుతో దాచాలి, ఎందుకంటే ఆ తేడా ఏడాదంతా ఒకటే ఉండదు. డాలస్‌కీ మనకీ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, నవంబర్ మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర. వారం వారం అన్నయ్యకి ఫోన్ చేసే మా అమ్మకి ఇది నాకన్నా బాగా తెలుసు.