టెక్సాస్ బడుల లెక్క: ఇంటి పన్ను, హాజరు

టెక్సాస్‌లో ఇంటి పన్ను పెరిగితే బడికి డబ్బు పెరిగిందనుకుంటారు చాలామంది. అలా పెరగదు.

ముందు స్కూల్ డిస్ట్రిక్ట్‌కు, అంటే ఒక ప్రాంతంలోని బడులు నడిపే జిల్లాకు, రావాల్సిన మొత్తం తేలుస్తారు. 2025-26 నుంచి పిల్లవాడికి మూల మొత్తం 6,215 డాలర్లు. పేద పిల్లలకు, ద్విభాషా తరగతులకు, ప్రత్యేక విద్యకు దానిపైన వెయిటేజీ, అంటే అదనపు డబ్బు. అందులో స్థానిక ఆస్తి పన్ను పోగా మిగిలిందే రాష్ట్రం ఇస్తుంది. ఇళ్ల విలువ పెరిగిందా, రాష్ట్రం వాటా తగ్గుతుంది. పన్నే ఆ మొత్తాన్ని దాటితే మిగులు తిరిగి రాష్ట్రానికి కట్టాలి. జనం దీన్నే ‘రాబిన్‌హుడ్’ అంటారు. మన తెలుగువాళ్లు చాలామంది ఉన్న, డాలస్ దగ్గరి ప్లేనో జిల్లా అలా కట్టినదే.

అసలు చిక్కు హాజరుది. చూసేది ఎంతమంది చేరారని కాదు, సగటున రోజూ ఎంతమంది వచ్చారని. వెయ్యి మందిలో 940 మందే వస్తే 60 × 6,215, అంటే 3,72,900 డాలర్లు తగ్గినట్టే, వెయిటేజీలు కలపకుండానే. టీచర్ల జీతాలు, బస్సులు మాత్రం వెయ్యి మందికీ ఉండాల్సిందే! సంక్రాంతికి ఇండియా వెళ్లి సెలవులు దాటి ఉండిపోయిన రోజులూ ఇందులోకే వస్తాయి.

రోజూ ఒక నిర్ణీత సమయంలో హాజరు తీస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొస్తే ఆ రోజే కాసేపైనా బడికి పంపి, చీటీ ఇవ్వండి. హాజరు కిందే రాస్తారు.