రాజుగారు మనతోనే ఉన్నారన్నారు

1981 ఫిబ్రవరి 23న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో, పార్లమెంటులో సైనిక కుట్ర జరుగుతుండగా రికార్డయిన వీడియోని ఈ వారంలో నాలుగైదు సార్లు చూశాను. కొత్త ప్రధానిగా కాల్వో సోతెలోని ఎన్నుకోవడానికి ఓటింగ్ జరుగుతోంది, ఒక్కో సభ్యుడి పేరూ పిలుస్తున్నారు, ఇంతలో లెఫ్టినెంట్ కర్నల్ తెహేరో పిస్టల్ పట్టుకుని లోపలికొచ్చాడు, అతనితో సుమారు 200 మంది సివిల్ గార్డులు (సైనిక తరహా పోలీసులు). పైకప్పుకేసి కాల్పులు. దాదాపు అందరూ బెంచీల కిందకి దూరిపోయారు. దిగిపోతున్న ప్రధాని సువారెజ్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు, కమ్యూనిస్టు నాయకుడు కారియో కూడా. ఉపప్రధాని గుతియెరెస్ మెయాదో మాజీ జనరల్, 68 ఏళ్ల మనిషి, లేచి గార్డుల మీదకే వెళ్లాడు. తెహేరో ఆయన్ని పట్టుకుని కింద పడేయాలని చూశాడు, ఆయన పడలేదు. అది చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఆ ధైర్యం కాదు. కుట్రలో ముఖ్యులు ముగ్గురు, ముగ్గురికీ మూడు కోరికలు. తెహేరో 1978లోనే మంత్రివర్గాన్ని బంధించాలని పథకం వేసి దొరికిపోయాడు, ఏడు నెలల శిక్షతో బయటపడ్డాడు, ఉద్యోగం కూడా పోలేదు! అతనికి కావాల్సింది సైనిక పాలన. వాలెన్సియాలో జనరల్ మిలాన్స్ ట్యాంకులు రోడ్ల మీదకి దించాడు (రిపబ్లిక్ డే పరేడ్‌లో తప్ప ట్యాంకు చూడని మనకి ఆ భయం ఊహకి అందదు), అదంతా రాజుగారి కోసమే అన్నాడు. మూడోవాడు జనరల్ ఆర్మడా, రాజు హువాన్ కార్లోస్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాడు, తనే ప్రధాని కావాలనుకున్నాడు. రాజుగారు మనతోనే ఉన్నారు అనే ఒక్క మాట మీదే మిగతా అధికారులని కదిలించాలని చూశారు.

మాడ్రిడ్ పక్కనే ఉన్న బ్రూనెతే సాయుధ డివిజన్ కమాండర్ హుస్తేకి అనుమానమొచ్చి రాజభవనానికి ఫోన్ చేసి, ఆర్మడా అక్కడున్నాడా అని అడిగాడు. రాజు కార్యదర్శి సబీనో ఇచ్చిన జవాబు: లేడు, వస్తాడని ఎవరూ ఎదురుచూడటమూ లేదు. దాంతో రాజు కుట్రదారులతో లేడని హుస్తేకి అర్థమైపోయింది.

అర్ధరాత్రి దాటాక ఆర్మడా పార్లమెంటుకి వెళ్లి తను ప్రధానిగా ఉండే ప్రభుత్వం ప్రతిపాదన తెహేరో ముందు పెట్టాడు. అందులో సోషలిస్టులు, కమ్యూనిస్టులు కూడా మంత్రులు! తెహేరో మండిపడ్డాడు, దీనికోసమా నేను ఇంత చేసింది అని, ఆర్మడాని సభ్యులతో మాట్లాడనివ్వలేదు. నా లెక్కలో కుట్ర చచ్చిపోయింది అక్కడే. రాత్రి ఒంటిగంట దాటాక రాజు సైనిక యూనిఫాంలో టీవీలో కనిపించి రాజ్యాంగం వైపే నిలబడతానన్నాడు, మర్నాడు మధ్యాహ్నానికి తెహేరో లొంగిపోయాడు.

అంతా బాగానే ముగిసింది అని ఊరుకోలేకపోతున్నాను, కారణం మాడ్రిడ్ సైనిక ప్రాంతాధిపతి కింతానా లకాసి. ఆ రాత్రి రాజధానిలో బలగాలు బయటికి రాకుండా ఆపిన మనిషి ఈయనే. తర్వాత రక్షణమంత్రితో ఈయన దాపరికం లేకుండా చెప్పాడట: నేను ఫ్రాంకో (అంతకుముందు స్పెయిన్‌ని దశాబ్దాలు ఏలిన నియంత) భక్తుణ్ణి, తన వారసుడి మాట వినమని ఫ్రాంకో చెప్పాడు, ఆ రాజు కుట్రని ఆపమంటే ఆపాను, పార్లమెంటు మీద దాడి చెయ్యమని ఉంటే అదీ చేసేవాణ్ణి. కుట్రకి రెండేళ్ల ముందే, 1978లో, ప్రజలు ఓటేసి తెచ్చుకున్న రాజ్యాంగం పేరు ఆ మాటల్లో ఎక్కడా లేదు. ఆయన్ని నేను తప్పుపట్టలేను, ఆ రాత్రి మాడ్రిడ్‌ని కాపాడినవాళ్లలో ఆయనొకడు. కానీ అంతమంది ప్రాణాలూ, ఒక దేశం ఓటూ ఒక్క మనిషి ఫోన్‌లో ఏం చెప్తాడన్న దాని మీద ఆధారపడ్డాయంటే నాకు ఇప్పటికీ వణుకొస్తుంది.

1984 జనవరిలో చర్చి నుంచి ఇంటికి వెళ్తుంటే కింతానా లకాసిని బాస్క్ వేర్పాటువాద సాయుధ సంస్థ ఈటీఏ కాల్చి చంపింది. పార్లమెంటు పైకప్పులో ఆనాటి తూటాల గుర్తులు ఇప్పటికీ అలాగే ఉంచారు.