308 మిల్లీమీటర్ల ఊరు

ఆదివారం.

నిన్న రాత్రి పోసిన జిగురు ఆరిందో లేదో చూడాలని చిన్నోడు పొద్దున్నే లేచాడు. పళ్ళు తోముకోకముందే కంకర మీద వేలు పెట్టి నొక్కాడు. ఒక్క రేణువూ రాలలేదు. "గట్టిగా ఉందమ్మా" అని వంటింట్లోకి వచ్చి చెప్పి, వెనక్కి వెళ్ళి ఇంకోచోట నొక్కి చూశాడు.

మేం కడుతున్నది ఒక బుల్లి రైలు మాడ్యూల్, అంటే పక్కవాటితో తగిలించుకునే ఒక చిన్న పెట్టె. పైన ఊరు, అందులోంచి రెండు రైలు మార్గాలు. ఎన్ స్కేల్, అంటే అసలు వస్తువుని 160 రెట్లు తగ్గించడం. పట్టాల మధ్య దూరం 9 మి.మీ. ఇలాంటి పెట్టెలు పక్కపక్కన పెట్టి తగిలిస్తే ఎంత పొడుగు మార్గమైనా తయారవుతుంది, ఆట అయ్యాక విడదీసి అలమరలో పెట్టేసుకోవచ్చు. మేం ఎంచుకున్న పద్ధతి టీ-ట్రాక్. జపాన్‌లో పుట్టింది, బల్ల మీద పెట్టుకునేది. 1970ల్లో అమెరికాలో మొదలైన ఎన్‌ట్రాక్ పెట్టెలు నాలుగు అడుగుల పొడవుంటాయి, వాటిని మోయడానికి పెద్దవాళ్ళు కావాలి. ఇది వాడు ఒక్కడే రెండు చేతులతో ఎత్తుకుపోగలడు. తొమ్మిదేళ్ళ వాడికి అది చిన్న విషయం కాదు.

టీ-ట్రాక్ నియమాలు కొన్నే. పెట్టె వెడల్పు 308 మి.మీ. దాని మీద వేసే పట్టా 310. రెండు చివరలా ఒక్కో మిల్లీమీటరు బయటికి వస్తుంది, అందువల్లే పక్క పెట్టె పట్టాతో సందు లేకుండా కలుస్తుంది. రెండు మార్గాల మధ్య దూరం 33 మి.మీ. ఎత్తు కనీసం 70. బల్ల ఎగుడుదిగుడుగా ఉంటే సర్దుకోవడానికి అడుగున బోల్టులు. కరెంటు వైర్లు ముందు నుంచి వెనక్కి నీలం, తెలుపు, తెలుపు, నీలం. ఈ వరస వాడికి పాటలా వచ్చేసింది, స్నానం చేస్తూ కూడా అంటున్నాడు. ఒక పెట్టెలో ఈ వైర్లు తారుమారైతే కలిపినప్పుడు షార్ట్ అవుతుందని చెప్పాను కాబట్టి దాన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నాడు.

ఇవన్నీ పెట్టె చివర్లు కలవడానికి పెట్టుకున్న నియమాలే. మధ్యలో ఏముండాలో ఎవరూ చెప్పరు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పిల్లలతో కలిసి ఏదైనా చేస్తుంటే పెద్దవాళ్ళం ప్రతిదాంట్లో వేలు పెడతాం, ఆఖరికి అది మన బొమ్మ అయి కూర్చుంటుంది. ఇక్కడ పని పంపకం మొదటే తేలిపోయింది. పలక కోయడం, కొలతలు సరిచూడడం, వైర్లు అతికించడం నావి. ఊరు వాడిది.

ఊరు అంటే ఏం కావాలని అడిగితే కాగితం మీద గీసి తెచ్చాడు. ఒక లెవెల్ క్రాసింగ్, గేటు గది, చెరువు, ఒక పెద్ద చెట్టు, చెట్టుకింద నిద్రపోతున్న మనిషి. మొదట సొరంగం కూడా గీశాడు. 308 మి.మీ.లో కొండ పెడితే ఇంకేమీ పట్టదని స్కేలు పెట్టి కొలుచుకుని వాడే కొట్టేశాడు.

నిన్నటి కంకర పని గురించి కొంచెం రాసుకోవాలి. దాంట్లోంచే ఇవాళ్టి సంగతి వచ్చింది. సన్నగా జల్లించిన ఇసుకని పట్టాల పక్కన పొడిగానే పోసి, మెత్తటి బ్రష్‌తో సర్ది, దాని మీద నీళ్ళు కలిపిన తెల్ల జిగురుని డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వేయాలి. ఉత్త జిగురునీళ్ళు వేస్తే చుక్క ఇసుకలోకి ఇంకదు. గుండ్రంగా పైనే నిలబడి, ఇసుకని తనతో పాటు లాక్కుపోతుంది, గుంట పడుతుంది. అందుకని ముందు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్ళు స్ప్రే చేస్తే, తర్వాత వేసిన జిగురు చక్కగా పీల్చుకుంటుంది. రెండు రకాలుగానూ విడిగా ఒక అట్టముక్క మీద చేసి చూపించాను. సబ్బు లేని చుక్క ఇసుక మీద దొర్లుతుంటే వాడు చాలాసేపు చూశాడు. నీటి పైపొర బిగుతుగా చర్మంలా పట్టి ఉంచుతుంది, సబ్బు ఆ బిగుతు తగ్గిస్తుంది అని చెప్పాను.

ఇవాళ చెరువు దగ్గరికి వచ్చేసరికి వాడు గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. నిజం నీళ్ళే పోద్దాం అన్నాడు. వద్దనలేదు. ఒక ప్లాస్టిక్ మూతలో ఒక చుక్క వేసి, పక్కన ఒక బొమ్మ మనిషిని నిలబెట్టి, ఎలా ఉందో చూడమన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. చుక్క అడ్డం 5 మి.మీ. ఉంది. వాడి క్యాలిక్యులేటర్ లెక్క ప్రకారం 160 రెట్లు అంటే 80 సెంటీమీటర్లు. "నడుం దాకా వచ్చే నీటిచుక్క!" అని అరిచాడు. తర్వాత వాడే అన్నాడు, "నిన్న జిగురు గుండ్రంగా నిలబడింది కదా, ఇదీ అదే కదమ్మా" అని. అదే నాన్నా అన్నాను. ఊరిని తగ్గించగలం, చెట్టుని తగ్గించగలం, నీటి చుక్కని మాత్రం తగ్గించలేం. బొమ్మ రైళ్ళు కట్టేవాళ్ళలో చాలామంది నీళ్ళకి బదులు ఇంకేదైనా వాడేది అందుకే.

రెసిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) పోయొచ్చు, చాలా అందంగా వస్తుంది. అయితే అది గట్టిపడేదాకా చర్మానికి తగలకూడదు, చేతి తొడుగులు వేసుకోవాలి, గాలాడే చోట చేయాలి. అప్పుడు చెరువు నాది అయిపోతుంది. కాబట్టి యాక్రిలిక్ గ్లాస్ (gloss) మీడియం, ఆరాక పారదర్శకంగా మెరిసే తెల్లటి ద్రవం. ముందు చెరువు అడుగుకి వాడు రంగు వేశాడు, గట్టు దగ్గర లేత మట్టి రంగు, లోపలికి పోయేకొద్దీ ముదురు ఆకుపచ్చ, నట్టనడుమ నలుపుకి దగ్గరగా. లోతు అంతా ఆ రంగులోనే ఉంది, పలకకి గుంట తీసింది చాలా తక్కువ. దాని మీద మీడియం పలచటి పొర ఒకటి. మందంగా వేస్తే లోపల తెల్లగా మబ్బు పట్టినట్టు ఉండిపోతుంది, కనుక ఒక పొర పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఆగడం వాడికి కష్టం. పొర ఆరేలోపు చెట్టు కడదామని కూర్చోబెట్టాను.

చెట్టుకి పాత వైరులోంచి తీసిన సన్నటి రాగి తీగలు. కట్టగా పట్టుకుని కింద మెలి తిప్పితే కాండం, పైకి పోతూ రెండుగా, నాలుగుగా విడదీస్తే కొమ్మలు. 10 సెంటీమీటర్ల చెట్టంటే అసలు లెక్కలో 16 మీటర్లు, పెద్ద చెట్టే. తీగలు మెలితిప్పుతున్నప్పుడు వాడి నాలుక బయటికి వస్తుంది. కొమ్మలన్నీ ఒకవైపుకే వంచాడు. ఎందుకని అడిగితే, అటువైపు చెరువు ఉంది కదా అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. నీటివైపు కొమ్మలు సాగిన చెట్లు నేనూ చూశాను.

గేటు గది పైకప్పు వంకాయ రంగు వేశాడు. రంగు వాడిష్టం. ఒక్క విషయం మాత్రం చెప్పాను. అర మీటరు దూరంలోంచి ఈ పెట్టెని చూస్తున్నామంటే అసలు ఊరిని 80 మీటర్ల దూరంలోంచి చూస్తున్నట్టు. అంత దూరం నుంచి ఏ రంగైనా కాస్త వెలిసినట్టే కనిపిస్తుంది. డబ్బాలోంచి తీసిన రంగుని అలాగే వేస్తే బొమ్మలా ఉండేది అందుకే. వాడు కొంచెం తెలుపు, ఇంకొంచెం బూడిద రంగు కలిపి మళ్ళీ వేశాడు. ఇప్పుడది ఎన్నో ఎండలకి, వానలకి తట్టుకున్న వంకాయ రంగు కప్పు. నాకు చాలా నచ్చింది. నేనైతే ఎర్రటి పెంకు రంగు వేసి ఉండేదాన్ని, ఇంత బాగుండేది కాదు.

మనుషుల దగ్గర వాడు తనని కూడా పెట్టాలన్నాడు. వాడి ఎత్తు 120 సెంటీమీటర్లు, భాగిస్తే ఏడున్నర మిల్లీమీటర్లు. సన్నటి తీగ ముక్కకి రంగు పూసి చేశాం. చెరువు గట్టు మీద చీమంత నిలబడ్డాడు. మరి నేనెక్కడ అని అడిగాను. నా ఎత్తు 160, సరిగ్గా ఒక సెంటీమీటరు, లెక్క కూడా అక్కర్లేదు. "నువ్వు గేటు వేసే మనిషివి" అని గది ముందు నిలబెట్టాడు.

సాయంత్రం రైలు నడిపాం. ముందుగా పట్టాల పైభాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచాను. కరెంటు పట్టా నుంచే చక్రంలోకి ఎక్కాలి, జిగురు పొర కాస్త మిగిలినా ఇంజను ఆగిపోతుంది. పెట్టెకి రెండు వైపులా మామూలు పట్టాలు తగిలించాం. వాడు వేగం పెంచే నాబ్ మొత్తం తిప్పేశాడు, రైలు ఊరిని ఒక్క క్షణంలో దాటేసింది. వాడికే నచ్చలేదు. చెట్టుకింద పడుకున్న మనిషి లేచిపోతాడు అన్నాడు. అప్పుడు మళ్ళీ లెక్క వేశాం. గంటకు 40 కిలోమీటర్లు అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు, 160తో భాగిస్తే దాదాపు 7 సెంటీమీటర్లు. అంటే మా పెట్టె దాటడానికి నాలుగున్నర సెకన్లు పట్టాలి. వాడు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, నాబ్‌ని వెంట్రుకవాసి జరుపుతూ ఆ వేగం పట్టుకున్నాడు. అంత నెమ్మదిగా పోతుంటేనే రైలు పెట్టెల వరసకి బరువు వచ్చింది, నిజం రైలులా అనిపించింది. బొమ్మ రైళ్ళకి డబ్బు పోసి కొన్న ఏ సామానూ ఇవ్వలేని అందం నెమ్మదిగా నడపడంలో ఉందని నా గట్టి నమ్మకం.

రాత్రి మా అక్క కూతురితో ఫోను. ఆ అమ్మాయి కూడా వాళ్ళింట్లో ఒక పెట్టె కడుతోంది, సెలవుల్లో రెండూ కలుపుతారు. ఇంతవరకూ ఒకరిది ఒకరు చూసుకోలేదు, చూపించుకోకూడదని ఒప్పందం. "అక్కా, నీ పెట్టె ఎత్తెంత?" అని వీడు అడిగాడు. 70 అంది. మధ్య దూరం? 33. వైర్లు? ఇద్దరూ కలిసి నీలం, తెలుపు, తెలుపు, నీలం అని అప్పజెప్పారు. "నాది రాత్రి" అని మాత్రం ఆ అమ్మాయి బయటపెట్టింది. వీడిది మిట్టమధ్యాహ్నం. ఫోను పెట్టేశాక వీడికి టెన్షన్ పట్టుకుంది, పగలు పక్కన రాత్రి ఎలా కలుస్తుందని. పట్టాలు కలిస్తే చాలు, రైలు మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి చేరుతుంది అన్నాను. కాసేపు ఆలోచించి, అయితే బండిలో లైట్లు ఉండాలి కదా అన్నాడు.

జర్మనీలో హాంబర్గ్‌లోని మినియేచర్ వండర్‌లాండ్ అనే పెద్ద బొమ్మ రైళ్ళ ప్రదర్శన వీడియో చూసినప్పటి నుంచీ మనది ఎప్పుడు అంత అవుతుందని అడుగుతూనే ఉన్నాడు. అది 2001లో తెరిచారు, అదీ ఒక్కసారిగా లేచింది కాదు, ఒక్కో భాగం కలుపుకుంటూ పెరిగింది. రైలు ఆగకుండా తిరగాలంటే మనకి ముందు నాలుగు మూల పెట్టెలు కావాలి. ఒక్కోటి 365 మి.మీ. చదరం, అందులో 282, 315 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వంపు పట్టాలు. రెండు మా అక్క కూతురు చేస్తుందట, రెండు మనం. పక్క ఎక్కాక కూడా వాడు అదే మాట్లాడుతున్నాడు. మూల పెట్టెలో చోటు ఎక్కువ కాబట్టి, కొట్టేసిన సొరంగాన్ని అక్కడ పెట్టొచ్చా అని అడిగాడు. వంపు మీద కొండ వేస్తే లోపల రైలు పట్టాలు తప్పినప్పుడు చెయ్యి దూరేలా వెనక తలుపు ఉంచాలి. అది ఉంచితే సరే అన్నాను.