మారోవిండ్ ఇప్పుడు కొనొచ్చా? 41 గంటల తర్వాత నా లెక్క

స్కైరిమ్ అనే గేమ్ మూడోసారి పూర్తి చేసి ఇంక ఏం ఆడాలో తోచక కూర్చుంటే, మా బాబాయి కొడుకు "అన్నయ్యా, దీనికంటే ముందుది మారోవిండ్ ఉంది, అది చూడు" అని అంటించాడు. వాడు మాత్రం పది నిమిషాలు ఆడి తీసేశాడట, ఆ సంగతి తర్వాత తెలిసింది. 2002 మే నెలలో వచ్చిన గేమ్ ఇది, ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో మూడోది, ఆబ్లివియన్, స్కైరిమ్ చేసిన బెథెస్డా వాళ్లదే. ఇంత పాతదాని మీద డబ్బు పెట్టాలా అని నాకూ అనుమానమే ఉండేది, అందుకే ఆడుతూ నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ ఇక్కడ పెడుతున్నా. కథ ఇంకా సగం కూడా కాలేదు కాబట్టి గుట్టు విప్పేస్తానని భయపడకండి.

కొనడం, ఎక్కించడం

మొదట కక్కుర్తి పడ్డా. గేమ్ తెరిచే కోడ్‌లు (కీ అంటారు) అమ్మే ఒక సైట్‌లో సగం ధరకే కనబడితే కొన్నా, తీరా చూస్తే ఆ కీ అప్పటికే ఎవరో వాడేసింది. డబ్బు గోవిందా, ఎన్ని మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత బుద్ధి తెచ్చుకుని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో సేల్ వచ్చేదాకా ఆగి గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్ తీసుకున్నా, ఒక బిర్యానీ ఖర్చులో అయిపోయింది. జీఓజీ అనే ఇంకో దుకాణంలోనూ దొరుకుతుంది. ఈ ఎడిషన్‌లో ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్ అనే రెండు ఎక్స్‌పాన్షన్లు (తర్వాత చేర్చిన అదనపు కథలు) కలిపే ఉంటాయి, విడిగా ఏమీ కొనక్కర్లేదు.

నాది ఎనిమిదేళ్ల లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఈ గేమ్ వచ్చిన రోజుల్లో అడిగింది 500 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, విండోస్ ఎక్స్‌పీ అయితే 256 ఎంబీ ర్యామ్, 1 జీబీ చోటు, అంతే. 2025లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్ ఒక్కటే 100 జీబీ పైన మింగుతుంది, నా హార్డ్‌డిస్క్‌లో దానికి చోటు కూడా లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్తా: కొన్న గేమ్‌ని ఉన్నదున్నట్టు ఆడకండి, ఓపెన్‌ఎండబ్ల్యూ ఎక్కించుకోండి. అభిమానులు మొదటినుంచీ కొత్తగా రాసిన ఇంజిన్ (గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) అది, ఉచితం, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. కాకపోతే గేమ్ ఫైళ్లు మన దగ్గర ఉండాలి, అంటే కొనక తప్పదు. ఎక్కించేటప్పుడు గేమ్ ఎక్కడుందో అడుగుతుంది, ఫోల్డర్ చూపిస్తే మిగతాది అదే చూసుకుంటుంది. నాకు మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది, అందులో పది నిమిషాలు ఫోల్డర్ వెతకడానికే. సెట్టింగ్స్‌లో నేను మార్చినవి మూడే. అక్షరాల సైజు పెంచా, ఎందుకంటే ఈ గేమ్‌లో చదవడం చాలా ఉంటుంది, మామూలు సైజులో కళ్లు లాగేస్తాయి. దూరపు కొండలు కనబడేలా పెట్టుకున్నా, ఇది మాత్రం లాప్‌టాప్‌ని కాస్త వేడెక్కిస్తుంది. మూడోది, ఇంకొకళ్ల సొత్తు మీద గురి పెడితే రంగు మారే ఆప్షన్. ఇది లేనప్పుడు ఒక ఇంట్లో బల్ల మీదున్న గిన్నె తీసినందుకు కాపలావాడు వచ్చి జరిమానా కట్టమన్నాడు, ఆ గిన్నె విలువ ఎంతో కూడా నాకు తెలీదు.

0–3 గంటలు: ఎలుక చావట్లేదు

ఖైదీగా ఓడలో తెచ్చి సైడా నీన్ అనే బురద ఊళ్లో దింపుతారు. ఆఫీసులో పేరు, జాతి, పని రాయించుకుని, చేతిలో 87 నాణేలూ ఒక ప్యాకెట్టూ పెట్టి బాల్మోరాలో కైయస్ కొసాడెస్ అనే మనిషికి ఇవ్వమంటారు. అంతే, ఇంక నీ దారి నీది. మ్యాప్ మీద బాణం లేదు, ఎటు వెళ్లాలో చూపించే గుర్తు లేదు.

నేను స్కైరిమ్ అలవాటుతో బ్రెటన్ జాతి మంత్రగాడిని చేసుకుని, దొరికిన బాకు పట్టుకుని పరుగెత్తుకుంటూ ఊరి బయటికి పోయా. ఎలుక ఎదురైంది. కొట్టా, కొట్టా, కొట్టా. బాకు ఎలుక ఒంట్లోంచి దూసుకుపోతున్నట్టు కళ్లకి కనబడుతోంది, దెబ్బ మాత్రం తగలట్లేదు. ఎలుక చేతిలో చచ్చిపోయా. మా బాబాయి కొడుకు పది నిమిషాల్లో ఎందుకు తీసేశాడో అప్పుడు అర్థమైంది.

గేమ్ పాడైందేమో అనుకున్నా, కాదు, లోపల పాచికలు వేస్తున్నారు. లెక్క ఇదీ: చేతిలో ఉన్న ఆయుధం స్కిల్‌కి చురుకుదనంలో ఐదో వంతు, అదృష్టంలో పదో వంతు కలుపుతారు. వచ్చినదాన్ని అలసట బట్టి గుణిస్తారు, తెర మీద ఊపిరి చూపించే ఆకుపచ్చ గీత నిండుగా ఉంటే 1.25తో, పూర్తిగా ఖాళీ అయితే 0.75తో. నా మంత్రగాడికి బాకు స్కిల్ 5, చురుకుదనం 30, అదృష్టం 40. అంటే 5, 6, 4 కలిపితే 15. పరుగెత్తి పరుగెత్తి గీత ఖాళీ చేసుకున్నా కాబట్టి 0.75తో గుణిస్తే 11. వంద దెబ్బలు వేస్తే పదకొండు, అందులోంచి ఎలుక తప్పించుకునే వంతు మళ్లీ తీసెయ్యాలి. ఇంక అది చావమంటే ఎలా చస్తుంది?

మంత్రగాడిని అక్కడే వదిలేసి రెండోవాడిని చేశా. రెడ్‌గార్డ్ జాతి, యుద్ధం వైపు మొగ్గు, పొడుగు కత్తి మెయిన్ స్కిల్: 30కి జాతి వల్ల 15, మొగ్గు వల్ల 5 కలిసి 50. చురుకుదనం, అదృష్టం రెండూ 40 కాబట్టి మొత్తం 62, ఊపిరి నిండుగా ఉంటే 77 దెబ్బలు. అదే ఎలుక రెండు వేట్లకి పోయింది. కాబట్టి ఎవరైనా మొదలుపెడితే గుర్తుంచుకోవాల్సింది ఇదే: ఒక్క ఆయుధం ఎంచుకుని దాన్ని మెయిన్ స్కిల్‌లో పెట్టండి, శత్రువు కనబడగానే పరుగు ఆపి నడవండి. ఈ రెండూ తెలియక ఎంతమంది ఈ గేమ్‌ని తిట్టి వెళ్లిపోయి ఉంటారో.

3–10 గంటలు: ఆకాశం నుంచి పడ్డవాడు

సైడా నీన్ దాటి కాస్త ఉత్తరంగా నడుస్తుంటే పైనుంచి కేక వినబడింది, ఒక మనిషి వచ్చి నా ముందు దబ్బున పడి చచ్చాడు. వాడి దగ్గర మూడు మంత్రపు చుట్టలు, చదివితే గెంతే శక్తి వెయ్యి పెరుగుతుంది, ఏడే సెకన్లు. ఒకటి చదివి గెంతా. మబ్బుల్లోకి పోయా, కింద ఊళ్లు, బురద, ఎర్ర కొండ అన్నీ చిన్నవైపోయాయి, మంత్రం అయిపోయింది, దిగడం గురించి అప్పుడు గుర్తొచ్చింది. ఆ చచ్చినవాడు చేసింది కూడా సరిగ్గా ఇదే. నీళ్ల మీదికి పడేలా చూసుకోవాలి, లేదంటే నేలకి తగిలేలోపు రెండో చుట్ట చదవాలి. ఏ పాఠమూ చెప్పకుండా ఈ గేమ్ ఇలాగే నేర్పుతుంది, నాకైతే ఇది తెగ నచ్చేసింది.

ఊరూరూ తిరగడానికి సిల్ట్ స్ట్రైడర్ అనే తాటిచెట్టంత పురుగు ఉంటుంది, దాని డొల్ల తొలిచి లోపల కూర్చుని నడిపిస్తారు. మన పల్లెవెలుగు బస్సు లెక్కే, అన్ని ఊళ్లకీ నేరుగా పోదు. బాల్మోరా నుంచి నిసిస్ వెళ్లాలంటే ఆల్డ్‌రూన్‌లో దిగి మారాలి. మేజెస్ గిల్డ్ (మంత్రగాళ్ల సంఘం) ఉన్న ఊళ్ల మధ్య మాత్రం మంత్రంతో ఒక్క క్షణంలో పంపిస్తారు, బాల్మోరా, ఆల్డ్‌రూన్, కాల్డెరా, వివెక్, శాడ్రిత్ మోరా. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకున్నా. పది గంటలయ్యేసరికి ఏ ఊరికి ఏది ఎక్కాలో నోటికి వచ్చేసింది, అదేంటో గానీ స్కైరిమ్‌లో ఇన్ని వందల గంటలు ఆడినా ఊళ్ల మధ్య దారి ఒక్కటీ గుర్తులేదు.

10–19 గంటలు: పెట్టె ఎక్కడ

కైయస్ చొక్కా లేకుండా తిరిగే ముసలాయన, పైకి మత్తుకి బానిసలా కనబడతాడు, అసలు సంగతి వేరు. ముందు ఏదైనా పని వెతుక్కో, కాస్త గట్టిపడి రా అని 200 నాణేలు చేతిలో పెడతాడు. కథలో పెద్దమనిషే నువ్వింకా పనికిరావు, ఊరు తిరిగి రా అని పంపెయ్యడం నేను వేరే ఏ గేమ్‌లోనూ చూడలేదు.

మొదటి పెద్ద పని ఆర్క్‌న్‌థాండ్ అనే శిథిలంలో, అంటే డ్వెమర్ అనే మాయమైపోయిన పాత జాతి కట్టినదాంట్లో, ఒక చిన్న పెట్టె తేవడం. దారి మాటల్లో చెప్తారు: ఊరికి దక్షిణంగా పోయి నది దాటు, దారి చూపే పలక దగ్గర పైకి తిరుగు, ఫొయాడా (లావా కోసిన లోయ) మీద పాత వంతెన దాటు, తలుపు తెరిచే తిప్పుడు పిడి అక్కడ దగ్గర్లోనే ఉంటుంది. నేను వంతెన దాటి పావుగంట కొండ చుట్టూ తిరిగా. పిడి ఉన్న గొట్టం మీదే నిలబడి వెతుకుతున్నానని తర్వాత తెలిసింది. లోపలికి వెళ్లాక అసలు కథ. పెట్టె అంటే ఏ సందూకమో అనుకుంటాం కదా, అరచేతిలో పట్టే ఘనం అది, మసక వెలుతురులో అల్మరా మీద కుండల పక్కన కూర్చుని ఉంటుంది. రెండు గంటలు పట్టింది. దొరికినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డా, పక్క గదిలోంచి అమ్మ "ఏమైందిరా" అంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నా లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఏడాదైంది, గేమ్ తనంతట తను సేవ్ అయ్యేది నిద్రపోయినప్పుడు మాత్రమే, నేను శిథిలంలో నిద్రపోలేదు. మళ్లీ మొదటినుంచీ. ఎఫ్5 నొక్కితే సేవ్, ఎఫ్9 నొక్కితే లోడ్, అప్పట్నుంచీ తలుపు కనబడితే చాలు ఎఫ్5. కాకపోతే ఎఫ్5 సేవ్ ఒక్కటే ఉంటుంది, విడిగా పేరు పెట్టి కూడా చేసుకోండి, ఎందుకంటే ఈ గేమ్‌లో కథకి అవసరమైన మనుషుల్ని కూడా చంపెయ్యొచ్చు. చంపాక, జోస్యం దారం తెగిపోయింది, పాత సేవ్ తెచ్చుకుంటావో ఈ లోకంలోనే ఉంటావో నీ ఇష్టం అని ఒక ముక్క చూపించి ఊరుకుంటారు.

19–30 గంటలు: నిద్రలో హంతకుడు

రెండో లెవెల్‌లోనే ఒక రాత్రి పడుకుంటే నల్ల ముసుగువాడు వచ్చి నిమిషంలో చంపేశాడు. లోడ్ చేసి పడుకుంటే మళ్లీ. ఇది ట్రైబ్యునల్ ఎక్స్‌పాన్షన్ కథ మొదలు, మామూలుగా గట్టిపడ్డాక రావాల్సింది, కానీ మొదటి రోజునుంచే వచ్చేస్తుంది. దీన్ని వెనక్కి జరిపే చిన్న మోడ్ (అభిమానులు చేసిన మార్పు ఫైలు) ఉంది, మొదలుపెట్టేటప్పుడే వేసుకోండి. నేను వేసుకోలేదు, నాలుగోసారి ఎలాగో చంపి వాడి కవచం అమ్మేశా, దాంతో ఇంకో ఇబ్బంది, ఒక్కసారిగా చేతిలో డబ్బు ఎక్కువైపోయి పది గంటల దాకా ఏ పని చేసినా వచ్చే నాణేలు చిల్లరలా అనిపించాయి.

ఇంకా చికాకులు ఉన్నాయి. నడక మొదట్లో నత్తనడక. క్లిఫ్ రేసర్ అని ఎగిరే జంతువు, అడుగుకొకటి వెంటపడుతుంది, ఈ గేమ్ ఆడిన ప్రతివాడూ దాన్ని తిట్టుకుంటాడు, నేనూ తిట్టుకున్నా. మనుషులు వీధిలో ఎప్పుడూ ఒకే చోట తచ్చాడుతుంటారు, రాత్రయినా ఇంటికి పోరు. మాటలన్నీ దాదాపు చదువుకోవాల్సిందే, గొంతు పలకరింపుల వరకే.

లెవెల్ పెంచడం గురించి ఒకటే. మెయిన్, మైనర్ స్కిల్స్‌లో పది మెట్లు పెరిగాక నిద్రపోతే మూడు గుణాలు పెంచుకోమంటుంది. మొదట్లో ఓర్పు (ఎండ్యూరెన్స్) వదలకుండా పెంచండి, ప్రతి లెవెల్‌కీ ప్రాణం ఓర్పులో పదో వంతు చొప్పున పెరుగుతుంది, ఆలస్యంగా పెంచితే పోయిన లెవెళ్ల లోటు తిరిగి రాదు. మిగతా లెక్కలు పట్టించుకుంటే ఇది గేమ్ కాదు, గుమస్తా పని.

30–41 గంటలు: ఇప్పుడు ఎక్కడున్నా

తొమ్మిదో లెవెల్. ఆల్డ్‌రూన్‌లో ఒక రాక్షస పీత డొల్లలో కట్టిన పేటలో తిరుగుతున్నా, బయట బూడిద తుఫాను, మనిషి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు. 2002 గ్రాఫిక్స్ అని నాకు గుర్తు కూడా రావట్లేదు.

కొనాలా అంటే, చదవడం విసుగనిపించనివాళ్లు, దారి తప్పితే కోపం రానివాళ్లు సేల్‌లో కళ్లు మూసుకుని కొనండి. రోజూ ఆఫీసు నుంచి వచ్చి అరగంట ఆడి పడుకునేవాళ్లకి మాత్రం ఇది వద్దు, అరగంటలో పక్క ఊరికి కూడా చేరరు, మర్నాటికి ఎక్కడికి బయల్దేరారో మర్చిపోతారు. ఫైటింగ్ కోసమే ఆడేవాళ్లకి స్కైరిమ్ చాలు, మొహమాటం లేకుండా చెప్తున్నా. పూర్తి ధర పెట్టకండి, ఏడాదిలో చాలాసార్లు తగ్గుతుంది.

రేపు శాడ్రిత్ మోరా వెళ్లాలి. అక్కడ టెల్వానీ మంత్రగాళ్ల గోపురాలు పెంచిన పుట్టగొడుగులే, పైకి వెళ్లడానికి మెట్లు ఉండవు, గాల్లోకి లేవాలి. నా రెడ్‌గార్డ్‌కి మంత్రం ఒక్కటీ రాదు. గాల్లోకి లేపే మందు సీసాలు (పోషన్లు) మూడు కొన్నా. ఒక్కోటి ఎన్ని సెకన్లు పనిచేస్తుందో చూసుకోలేదు.